ఏడు తెల్లకాగితాలు

ఏప్రిల్ 16

ఎమ్మెల్యే సీటుకి నామినేషన్ వేసి వచ్చాను. ఊరేగింపుకి టాపు లేని జీపు ఎక్కించారు. ముప్పై ఏళ్లు డ్రైవర్ పక్క సీట్లో కూర్చున్నవాణ్ని, జీపులో నిలబడి చేతులూపడం ఇవాళే మొదలు. కుడిచెయ్యి ఊపాలా ఎడంచెయ్యి ఊపాలా అని తేల్చుకునేలోపే చౌరస్తా దాటిపోయింది.

స్టేషన్లో ఎవరు ఎప్పుడొచ్చారో ఎప్పుడు పోయారో జనరల్ డైరీ రాయించడమే గాని సొంతంగా డైరీ పెట్టుకున్నది లేదు. పార్టీ వాళ్లు పంచిపెట్టిన డైరీ ఒకటి బల్లమీద ఖాళీగా పడుంటే తీశాను. ఇది కోర్టుకి పంపేది కాదు. ఉన్నదున్నట్టు రాసుకోవచ్చు.

కరపత్రం అచ్చయి వచ్చింది. ఎస్సైగా చేరి, సీఐ అయి, డీఎస్పీగా ఉండగా ప్రజాసేవ కోసం పదవి వదులుకున్నానట. ప్రజాసేవా లేదు, పాడూ లేదు. నాకంటే పన్నెండేళ్లు చిన్నవాడు పై ఆఫీసరుగా వచ్చి అందరి ముందూ ఫైలు బల్లమీద విసిరికొడితే, ఒళ్లు మండి రాజీనామా పడేశాను. కరపత్రం పైన మాత్రం పెద్దక్షరాలతో "నలభై గంటల్లో న్యాయం" అని ఉంది. అది నిజమే. బట్టల కొట్టాయన్ని పొడిచి చంపిన ఎలక్ట్రీషియన్‌ని కత్తితో సహా నలభై గంటల్లో పట్టుకున్నాను. అప్పట్నుంచి ఊళ్లో నేను నలభై గంటల సారునే. ఆ కేసు లేకపోతే పోలీసు మెడల్ లేదు, ప్రమోషనూ లేదు, ఈ టికెట్టూ లేదు.

ఏప్రిల్ 18

చెప్పులు కరుస్తున్నాయి. బూట్లు వేసుకుంటే జనం బెదురుతారని పార్టీ అధ్యక్షుడి ఆర్డరు.

ఏప్రిల్ 20

ఆయన్ని అందరూ పెద్దాయన అంటారు. పార్టీ పెట్టింది ఆయనే, ఎవర్ని కూర్చోబెట్టాలో ఎవర్ని లేపాలో చూసుకునేదీ ఆయనే. ఇవాళ పిలిపించి, "నువ్వు మాట్లాడుతుంటే జనం చేతులు కట్టుకుని నిలబడుతున్నారయ్యా. చప్పట్లు కొట్టాలంటే చేతులు ఖాళీగా ఉండొద్దూ?" అన్నారు. నేను మేలు చేసిన ఆడమనిషిని ఎవర్నైనా మైకు ముందు నిలబెట్టమన్నారు.

నాకు వెంటనే సంతకం పెళ్లాం గుర్తొచ్చింది. సంతకం అంటే స్టేషను గోడ పక్కన టీకొట్టు మనిషి. ఆ పేరు మా కానిస్టేబుళ్లు పెట్టారు, పెళ్లాం కూడా అలాగే పిలుస్తుంది. వాళ్ల పాప పుట్టిన నాటి పొద్దున ఆవిడకి నొప్పులొస్తే నేనే జీపిచ్చి ఆసుపత్రికి పంపాను. ఆ పాప నన్ను జీపు పెదనాన్నా అంటుంది. ఏటా పుట్టినరోజుకి మిఠాయి తెచ్చి కాళ్లకి దణ్ణం పెట్టి వెళుతుంది. నాకు పిల్లల్లేరు. ఆ ఒక్కరోజు ఇంటికి పండగొచ్చినట్టుంటుంది.

ఏప్రిల్ 22

మీటింగు అదిరిపోయింది. సంతకం పెళ్లాం మొదట మైకుకి భయపడింది గాని, నోరు తెరిచాక ఆపడం మావల్ల కాలేదు. పద్దెనిమిదేళ్ల కిందట మే తొమ్మిదో తారీకు పొద్దున ఎనిమిదింటికి నొప్పులొచ్చాయట. స్టేషనుకి ఉన్నది ఒక్కటే జీపట. సారు అది కూడా ఇచ్చేశారట. సాయంత్రం ఆరింటికి పాప పుట్టేదాకా జీపు ఆసుపత్రి గేటు దగ్గరే ఉందట. "మా ఆయన నా పక్కనుంచి కదిలితే ఒట్టు" అని కొంగుతో కళ్లొత్తుకుంది. జనం ఈలలు వేశారు. పెద్దాయన నన్ను కావలించుకున్నారు.

ఇవాళ చెప్పులు కరవలేదు.

ఏప్రిల్ 24

ఆ మీటింగు వీడియో, ఎక్కడ చూసినా అదే. ఆస్పత్రి గేటు దగ్గర మన జీపు అని ఎవరో పాట కూడా కట్టారు.

మా ఆవిడ హాల్లో ఫొటోలు తుడుస్తూ, "ఈ మే తొమ్మిదో తారీకు మనింట్లోనే ఎక్కడో ఉందండీ" అంది. ఉంటే ఉందిలే అన్నాను. ఆవిడ ఏదైనా మొదలుపెడితే అంతు చూడందే వదలదు. పోలీసు ఉద్యోగం ఆవిడకి రావాల్సింది.

ఏప్రిల్ 25

ఆ తారీకు మెడల్ పక్కన ఫ్రేము కట్టించిన ప్రశంసాపత్రంలో ఉంది. చూడకపోయినా పోయేది.

ఏప్రిల్ 26

పొద్దున్నుంచి కాలు ఒకచోట నిలవడం లేదు. ప్రచారానికి ఇంకా టైముందని హాల్లో తిరుగుతుంటే, గచ్చు అరిగిపోతోంది, వీధిలో తిరగండి, ఓట్లైనా వస్తాయి అని మా ఆవిడ తరిమింది.

ఇందులో కంగారు పడాల్సిందేమీ లేదు. రాసుకుంటే తేలిపోతుంది.

మే ఏడు సాయంత్రం ఆరింటికి బట్టల కొట్టాయన హత్య. మే తొమ్మిది పొద్దున పదింటికి, ఎలక్ట్రీషియన్ చూపించగా, కల్వర్టు కింద కత్తి దొరికింది. నలభై గంటలు అంటే అదే లెక్క. పంచనామాలో ఇద్దరు సాక్షులు. ఒకడు సంతకం, రెండోవాడు ఇస్త్రీ ముసలాయన, పోయి ఆరేళ్లయింది. స్టేషను జీపులో ఇద్దరు సాక్షుల్నీ వెంటబెట్టుకుని నేను కల్వర్టు దగ్గరికి వెళ్లినట్టు పంచనామాలో ఉంది.

అదే పూట జీపు ఆసుపత్రి గేటు దగ్గర ఉంది. సంతకం తన పెళ్లాం పక్కన ఉన్నాడు. ఆ మాట ఊరందరి ముందూ చెప్పించింది నేనే.

కాగితాల్లో చిన్న తేడా, అంతే. ఏ స్టేషన్లోనైనా జరిగేదే. సాక్షిని అప్పటికప్పుడు ఎక్కణ్ణుంచి పట్టుకొస్తాం? సంతకం చేత ఇరవయ్యేసి తెల్లకాగితాల మీద ముందే సంతకాలు పెట్టించి బీరువాలో ఉంచుకునేవాళ్లం. "కిందికి పెట్టరా, పైన చోటుండాలి" అని నేనే చెప్పేవాణ్ని. వాడు నవ్వుతూ పెట్టేవాడు. ఆ గోడ పక్కన కొట్టు అక్కడ నిలబడిందంటే అందుకే.

ముఖ్యమైనది కత్తి. కత్తి కల్వర్టు కింద దొరికింది.

ఏప్రిల్ 28

జైల్లో ఉన్నవాళ్ల కేసులు తిరగదోడే లాయరమ్మ ఒకావిడ ఉందట. వీడియో చూసి, ఇంకా జైల్లోనే ఉన్న ఎలక్ట్రీషియన్ తరఫున మళ్లీ విచారణ జరపాలని పిటిషన్ వేసింది. దర్యాప్తు చేసిన అధికారిగా నేను మే పదిహేను లోపు కోర్టుకి అఫిడవిట్ ఇవ్వాలి.

ఈ కబురు రైటర్ మోసుకొచ్చాడు. రైటర్ అంటే అప్పట్లో మా స్టేషను రికార్డులన్నీ రాసిన రైటరు. హెడ్ కానిస్టేబులుగా రిటైరై ఇప్పుడు నా ప్రచారం చూసుకుంటున్నాడు. అతని చేతిరాత ముత్యాలే. ఆ పంచనామా రాసింది కూడా అతనే.

ఏప్రిల్ 29

కేసు కాగితాల కోసం ఇనప్పెట్టె తెరిచాను. పాత యూనిఫాం అడుగున కవరులో ఏడు తెల్లకాగితాలు దొరికాయి. ఒక్కోదాని అడుగున సంతకంగాడి సంతకం. బదిలీ అయినప్పుడు నా సామానుతో వచ్చేసినట్టున్నాయి.

రైటర్ వాటిని చూసి దేవుడు కనిపించినట్టు మొహం పెట్టాడు. "ఇంకేం కావాలి సార్? నా భార్య తారీకు తప్పు చెప్పింది, నేను ఆ పొద్దున కల్వర్టు దగ్గరే ఉన్నాను అని పైన రాసేస్తే సరిపోతుంది" అన్నాడు. కాగితాలు లాక్కుని పెట్టెలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి ఎక్కడ పెట్టానో మధ్యాహ్నందాకా దొరకలేదు. జేబులోనే ఉంది.

మే 1

ఆరు కూడా కాకముందే సంతకం వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. నా ఎదుట వాడు కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. లాయరమ్మ రెండుసార్లు కొట్టుకి వచ్చి టీ తాగి వెళ్లిందట. రేపు కాగితాలతో వస్తానందట.

"ఏం చెప్పమంటారు సార్?" అన్నాడు.

"నీకు గుర్తున్నది చెప్పు."

"నాకేది గుర్తుండాలో మీరే కద సార్ చెప్పేది ఎప్పుడూ."

ఎత్తిపొడుపు ఏమీ లేదు. టీలో చక్కెర ఎంత వెయ్యాలని అడిగినట్టే అడిగాడు. నాకే తల కొట్టేసినట్టయింది. ఎన్నికల హడావుడి అయ్యాక చూద్దాం, అందాకా ఆవిడకి కనపడకు అన్నాను. సరే సార్ అని రెండు మెట్లు దిగి, మళ్లీ ఎక్కి, "ఆ రోజు మీరు జీపివ్వకపోతే నాకు ఇద్దరూ దక్కేవాళ్లు కాదు" అని చెప్పి వెళ్లాడు.

మే 2

కత్తి గురించి సరిగ్గా రాయలేదు. కల్వర్టు దగ్గరికి నేను వెళ్లలేదు. జీపు లేదు కదా. రైటర్ వెళ్లి తెచ్చాడు. మధ్యాహ్నం రెండింటికి న్యూస్ పేపర్లో చుట్టి నా బల్ల మీద పెట్టాడు. ఎలక్ట్రీషియన్ చెప్పిన చోటే దొరికిందని అన్నాడు. పైనుంచి గంటకోసారి ఫోన్లు వస్తున్నాయి. నలభై గంటలు అనే లెక్క కూడా తర్వాత రైటరే వేశాడు.

ఎలక్ట్రీషియన్ తప్పు ఒప్పుకున్నాడు. ఒప్పుకునేదాకా మేం అడిగాం.

మే 3

ప్రచారం. పన్నెండు వీధులు.

మే 5

పోలింగు. వేలిమీద చుక్క పెట్టించుకుని బూత్ బయటికి వస్తుంటే, గేటు దగ్గర డ్యూటీలో ఉన్న కానిస్టేబుల్ నాకు సెల్యూట్ కొట్టాడు. కొట్టకూడదు. వాడి తప్పు కాదు, నాకూ చెయ్యి నుదుటిదాకా లేచింది.

మే 7

రైటర్ మొహం వెలిగిపోతోంది. తెల్లకాగితాల సంగతి అలా ఉంచి ఇంకో దారి కనిపెట్టాడట. జనన ధ్రువపత్రాలిచ్చే ఆఫీసులో అతని తోడల్లుడు ఉన్నాడు. పాప పుట్టింది మే తొమ్మిది కాదు, ఎనిమిది అని సవరించమని తల్లిదండ్రులు దరఖాస్తు పెడితే చాలు. ఎనిమిదిన కాన్పు అయిపోతే, తొమ్మిదిన వాడు కల్వర్టుకి ఎందుకు రాకూడదు? జీపు మాత్రం ఎందుకు ఖాళీగా ఉండదు?

"ఒక్కరోజే కద సార్. పిల్లకి ఏం పోతుంది" అన్నాడు.

చెయ్యమనలేదు. వద్దని కూడా అనలేదు. పక్క గదిలో ఫోను మోగుతోందని లేచి వెళ్లాను.

మే 8

ఫోను మోగలేదు.

మే 9

మిఠాయి తెచ్చింది.

ఈసారి రాదనుకున్నాను. రాకపోతే బాగుండుననీ, రావాలనీ, గుమ్మంలోకీ గదిలోకీ కాలు కాలిన పిల్లిలా తిరుగుతూనే ఉన్నాను. పదింటికి వచ్చింది. కొత్త చుడీదారు. వంగి దణ్ణం పెట్టలేదు, డబ్బా మాత్రం చేతికిచ్చింది. మా ఆవిడ లోపల్నుంచి వచ్చి, నిండుగా పద్దెనిమిదేళ్లు వచ్చాయన్నమాట అని బుగ్గ పట్టుకుంది.

"నిన్ననే వచ్చాయట పెద్దమ్మా" అంది.

మా ఆవిడ నావైపు చూసింది. పాప కూడా నావైపే చూసింది.

"మొన్న రైటర్ బాబాయి వచ్చి అమ్మచేతా నాన్నచేతా సంతకాలు పెట్టించుకున్నాడు. నా పుట్టినరోజు ఎనిమిదో తారీకట. అమ్మ ఏడ్చింది. అలవాటుకొద్దీ ఇవాళ వచ్చేశాను. వచ్చే ఏడాది ఏ రోజు రమ్మంటారు పెదనాన్నా?"

ఏ రోజైనా రామ్మా, ఇది నీ ఇల్లే అన్నాను. అంతకంటే వెధవ మాట ఇంకోటి ఉండదు. పిల్ల తల ఊపి వెళ్లిపోయింది.

మా ఆవిడ స్టూలు తెచ్చుకుని, ఎక్కి, ప్రశంసాపత్రం ఫ్రేము దింపి, గోడవైపు తిప్పి నేలమీద ఆనించి పెట్టింది. "మేకు వదులైంది" అంది. మేకు ఇప్పటికీ గట్టిగానే ఉంది. లాగి చూశాను.

మే 10

మిఠాయి డబ్బా బల్లమీదే ఉంది. ఎవరూ తియ్యలేదు.

మే 12

గెలిచాను. మెజారిటీ ఎంతో రైటర్ మూడుసార్లు చెప్పాడు. మూడుసార్లూ మర్చిపోయాను. మెడలో దండలు మోసి మోసి మెడ పట్టేసింది.

మే 13

పెద్దాయన ఇంటికి గెలిచినవాళ్లందర్నీ పిలిచారు. హోం శాఖ నాకేనట. పదిహేడున ప్రమాణం. నా ముందు ఫైలు విసిరినవాడు ఇక నాకు సెల్యూట్ కొట్టాలి. ఈ ఒక్క రోజు కోసమే కదా ఇంత దూరం వచ్చింది. సంతోషం కోసం ఒళ్లంతా వెతుక్కున్నాను. మెడనొప్పి తగిలింది.

తర్వాత ఒక్కొక్కర్నీ లోపలి గదిలోకి పిలిచారు. బల్లమీద తెల్లకాగితం, పెన్ను. ఇది పార్టీ ఆనవాయితీ అట. ఎవరైనా ఎదురు తిరిగితే పైన రాజీనామా రాసి తారీకు వేసుకుంటారు. అందరూ పెట్టారు, నేనూ పెన్ను తీసుకున్నాను.

"కిందికి పెట్టవయ్యా, పైన చోటుండాలి" అన్నారు పెద్దాయన.

పెట్టాను. నవ్వుతూనే పెట్టాను. సంతకం కూడా అలాగే నవ్వేవాడు. వాడికి అది సరదా అని ఇన్నేళ్లూ అనుకున్నాను.

మే 14

పొద్దున రైటర్ అఫిడవిట్ టైపు చేయించి తెచ్చాడు. పంచనామా అక్షరాలా నిజమనీ, సాక్షి భార్య చదువులేని మనిషి కాబట్టి తారీకు పొరబడిందనీ ఉంది. సంతకం పెట్టాల్సిన చోట పెన్సిల్‌తో చిన్న గుర్తు కూడా పెట్టాడు.

కత్తి ఎక్కడిది అని అడిగాను. ఇప్పుడెందుకు సార్ అదంతా అన్నాడు. మళ్లీ అడిగాను. "పైనవాళ్లు మీ ఉద్యోగం మీదికి వచ్చారు సార్ ఆ రోజు. నేను చూస్తూ ఊరుకుంటానా" అన్నాడు. మూడోసారి అడగలేదు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. అతను నాకు మేలు చేశాననే అనుకుంటున్నాడు, పద్దెనిమిదేళ్లుగా.

కత్తి ఎక్కడిదో నాకు తెలియదు. ఎలక్ట్రీషియన్ చంపాడో లేదో నాకు తెలియదు. అప్పుడూ తెలియదు. ఈ మాట ఇక్కడ రాయడానికే నెల పట్టింది.

పెట్టె తెరిచి ఏడు కాగితాలూ తీసుకుని నడిచి టీకొట్టుకి వెళ్లాను. జనం దణ్ణాలు పెడుతున్నారు. బెంచీ మీద కూర్చున్నాను. ముప్పై ఏళ్లు ఆ టీ తాగాను గాని అన్నీ స్టేషన్లోకి తెప్పించుకున్నవే, ఆ బెంచీ మీద కూర్చున్నది ఇవాళే. సంతకం గ్లాసు కడుగుతున్నవాడల్లా ఆగిపోయాడు.

ఏడు కాగితాలూ వాడి చేతిలో పెట్టాను. వాడు ఒక్కోటీ తిప్పి చూసుకున్నాడు. "ఇవి ఇంకా ఉన్నాయా సార్? ఎప్పుడో అయిపోయాయనుకున్నాను" అన్నాడు. ఒకటి తిరిగి తీసుకున్నాను. మిగతా ఆరూ నేను చెప్పకుండానే పొయ్యిలో పెట్టాడు. పాలు పొంగబోతే చప్పున మంట తగ్గించాడు.

ఆ ఏడో కాగితం మీద నా చేత్తో నేనే రాశాను. మే తొమ్మిది పొద్దున పదింటికి ఈ సాక్షి కల్వర్టు దగ్గర లేడు, ఆసుపత్రిలో భార్య పక్కన ఉన్నాడు. నేనూ అక్కడ లేను, స్టేషన్లో ఉన్నాను. జీపు ఆసుపత్రి గేటు దగ్గర ఉంది. ముందే సంతకం పెట్టించి ఉంచుకున్న కాగితం మీద ఆ పంచనామా రాయించాను. కత్తి ఎక్కడ దొరికిందో నేను చూడలేదు. నా చేతిరాత అసలే కోడిగీతలు. రైటర్ ఉంటే ముత్యాల్లా రాసేవాడు.

పాప వచ్చి పక్కన నిలబడింది. చదవమన్నాను. రోడ్డు మీద లారీలు పోతుంటే రెండుసార్లు ఆగి, గట్టిగా చదివింది. తల్లి కొట్టు వెనక నిలబడి వింది. చదవడం అయ్యాక సంతకం నా పెన్ను అడిగాడు. అడుగున ఉన్న పాత సంతకాన్ని అడ్డంగా కొట్టేశాడు.

"ఇది వినకముందు పెట్టింది సార్, చెల్లదు" అని దాని కింద మళ్లీ సంతకం పెట్టాడు. అక్కడ అట్టే చోటు లేదు. ఇరుకిరుగ్గా పెట్టాడు. పక్కన ఇవాళ్టి తారీకు వేశాడు. ఆ దరఖాస్తు కూడా రేపు వెనక్కి తీసుకుంటానని పెళ్లాంతో అన్నాడు. తర్వాత నాకు ఎదురుగా, బెంచీ ఆ చివర, కూర్చున్నాడు.

ఇంటికొచ్చి మిఠాయి తిన్నాను. గట్టిపడిపోయింది. మా ఆవిడ కూడా ఒకటి తీసుకుంది.

మే 15

ఎనిమిదింటికి లాయరమ్మ వచ్చి కాగితం తీసుకుంది. అఫిడవిట్‌గా రాసిస్తే కోర్టు హాల్లో సంతకం పెడతారా అని అడిగింది. పెడతానన్నాను. నన్ను నమ్మినట్టు లేదు. నేనైనా నమ్మను. మధ్యాహ్నం రెండింటికి రమ్మంది. బూట్లు పాలిష్ చేసుకుంటున్నాను.

రైటర్ రాలేదు. ఫోను ఎత్తడం లేదు. నా కబురు ఎవరికి చేర్చి ఉంటాడో తెలుస్తూనే ఉంది.

పదకొండింటికి పెద్దాయన ఫోను. తిట్టలేదు. ఎందుకు చేశావని కూడా అడగలేదు. అవతల కాగితం బల్లమీద సర్దిన చప్పుడు వినిపించింది.

"ఇవాళ తారీకెంతయ్యా?" అన్నారు.

మే పదిహేను అని చెప్పాను.